నలభై మూడో రాయి

ఆ రోజు మా టీకొట్టులో ఎవరికీ మాట్లాడాలని లేదు. సరిగ్గా అలాంటి రోజునే బస్సు డ్రైవరు స్టీరింగు బాబాయ్ సెలవు ముగించుకుని దిగబడ్డాడు.

ముందు ఆ నిశ్శబ్దం సంగతి చెప్పాలి. ఊరి చుట్టూ ఉన్న పాత కట్టడాలు చూపించే బస్సులు మా కొట్టు ముందే ఆగుతాయి. అందుకని నా బెంచీల మీద కూర్చునేవాళ్ళంతా ఆ పాత రాళ్ళని నమ్ముకుని బతికేవాళ్ళే. ఆ పూట ముగ్గురున్నారు. కొండమీది కోట ద్వారాన్ని విప్పి మళ్ళీ కడుతున్న రాతిపని మేస్త్రీ, బస్సులో జనానికి ఆ కట్టడాల కథలు చెప్పే గైడమ్మ, ఆ ద్వారానికి ఇరవై రెండేళ్ళుగా కాపలా కాస్తున్న పెద్దాయన. పెద్దాయన ముందు టీ పెట్టి అరగంటైంది. మీగడ కట్టింది గానీ ఆయన ముట్టుకోలేదు.

ద్వారం కమానులో ఒక రాయి పోయింది. విప్పిన రాళ్ళకి తెల్లరంగుతో అంకెలు వేసి, కొండదారి పక్కన వరసలుగా పరిచారు. ఒక వరస నలభై రెండుతో ఆగిపోయింది, తర్వాతి వరస నలభై నాలుగుతో మొదలైంది. నలభై మూడు కోసం పదకొండు రోజులుగా కొండంతా గాలించారు. పురావస్తు శాఖ ఆఫీసరమ్మ ఆ మధ్యాహ్నం నాలుగింటికి వస్తానంది. రాయి ఉంటే కమాను పూర్తవుతుంది. లేకపోతే పెద్దాయన తాళాలగుత్తి అప్పజెప్పి ఇంటికి పోవాలి, పైగా రాయి అమ్ముకున్నాడని కాగితం రాస్తారు. అప్పటికే పొద్దున పదకొండు గంటలు దాటింది.

అంతలో బస్సొచ్చింది, జనం లేకుండా, కొత్త రంగుతో ధగధగలాడుతూ. మా కొట్టు ముందు రోడ్డు కాస్త వాలు. స్టీరింగు బాబాయ్ దిగి, వెనక చక్రం దగ్గర వంగి లేచి, చేతులు దులుపుకుని, పెళ్ళికొడుకులా నడిచొచ్చాడు. కూతురి కాన్పుకని పది రోజులు సెలవు మీద పోయాడాయన. ఆ పది రోజులూ బస్సు రంగుల షెడ్డులో ఉంది. ఇక్కడి సంగతులేవీ ఆయనకి తెలీవు. నోరు తెరిచి ఉన్నంతసేపూ ఆయన చెవులు పనిచెయ్యవు కాబట్టి, చెప్పినా తెలుస్తాయన్న నమ్మకం మాకు లేదు.

"ఏంట్రా తమ్ముడూ, అందరూ పరీక్ష తప్పినవాళ్ళలా కూర్చున్నారు? నాకు మనవరాలు పుట్టింది. పుట్టిన పిల్లలంతా కేర్‌మంటారా, ఇది నన్ను చూడగానే హారన్ కొట్టింది. నర్సులు గోడకి తప్పుకున్నారు. సరే, అది తర్వాత. మొన్న ఆదివారం కాదు, అంతకుముందు ఆదివారం ట్రిప్పు సంగతి మీకు చెప్పకుండానే సెలవుకి పోయాను. పది రోజులూ కడుపుబ్బరం."

"ఇవాళ వద్దు బాబాయ్" అన్నాడు మేస్త్రీ.

"చిన్న సంగతేనయ్యా. నేనెప్పుడైనా గొప్పలకి పోయానా? కోటద్వారం దగ్గర బస్సు కాస్త జారింది, నేను పట్టుకున్నాను. అంతే."

"అంతేనా?" అంది గైడమ్మ. ఆవిడ ఆశ్చర్యం నిజమైనదే. ఆయన నోటినుంచి అంత చిన్నది రావడం మేమెవరం వినలేదు.

"అంతే అంటే, మరీ అంతే కాదనుకో. తమ్ముడూ, టీ కాస్త పంచదార ఎక్కువేసి తే. వినండి. ముప్ఫై రెండు మంది జనం. ద్వారం దగ్గర ఆపాను. ఆ ఏటవాలు మీకు తెలుసుగా, అక్కడ నిమ్మకాయ జారితే కిందూళ్ళో ఏరుకోవాలి. గైడమ్మ జనాన్ని దించుకుని, ఇదిగో ఇది ఫలానా రాజు కట్టించాడు, అదిగో అది ఫలానా రాజు పడగొట్టాడు అని లోపలికి తీసుకుపోయింది. ఒక్క ముసలావిడ మాత్రం మోకాళ్ళ నొప్పులని వెనక సీట్లో పడుకుని గురకపెడుతోంది. నేను హ్యాండ్‌బ్రేకు లాగాను. లాగితే అది ఊడి చేతికొచ్చింది. చేతికొచ్చిన బ్రేకుని ఏం చేసుకుంటాం? జేబులో పెట్టుకుని దిగాను. దిగేసరికి బస్సు వెనక్కి బయల్దేరింది."

"ఆ ముసలావిడ నాతోనే ఉంది బాబాయ్. నా చెయ్యి పట్టుకునే నడిచింది" అంది గైడమ్మ.

"అది వేరే ముసలావిడమ్మా. ఈవిడ నీ లెక్కలోకి రాలేదు. అదే చెబుతున్నా, ఎంత ప్రమాదమో చూడు! వెనకాల లోయ, లోపల లెక్కలోలేని ముసలావిడ. ఏం చేస్తాను? చెయ్యి అడ్డం పెట్టాను. ఎడమచెయ్యి."

"కుడిచెయ్యి ఏమైంది?" అన్నాను నేను. అడక్కూడదని తెలుసు. అయినా ఆ రోజు ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడితే బాగుండనిపించింది.

"కుడిచెయ్యి ఖాళీగా ఉంచుకోవాలి తమ్ముడూ, దారినపోయేవాళ్ళు ఎవరైనా నమస్కారం పెడితే? మర్యాద ఉండదూ? అలా ముప్పావుగంట పట్టుకున్నాను. కదల్లేదు, మెదల్లేదు, రెప్ప కొట్టలేదు. వేరే బస్సులోంచి దిగినవాళ్ళు నా పక్కన నిలబడి ఫొటోలు కూడా తీయించుకున్నారు. ఒకావిడ వాళ్ళాయన్ని అడుగుతోంది, ఈ ద్వారపాలకుడి బొమ్మ ఏ కాలం నాటిదండీ అని. ఆయన నా మీసం తడిమి, ముక్కు గిల్లి, రాయి మంచిదే గానీ చెక్కడం అంత బాగాలేదు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఓర్చుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆయనకి ఒకరు అడగడం అక్కర్లేదు.

"ఈగ! ఒక ఈగొచ్చి ముక్కుమీద వాలింది. తోలాను. తోలింది కుడిచేత్తోనే, కానీ బరువు అటు మళ్ళి ఎడమచెయ్యి వెంట్రుకవాసి సడలింది. ఇక చూస్కో! బస్సు వెనక్కి రయ్యిమని పోతోంది. నేను పరిగెత్తి, కిటికీలోంచి దూకి, సీట్లో పడ్డాను. అద్దంలో చూస్తే వెనకాల మలుపు, మలుపు చివర మెట్లబావి. రెండొందల పద్నాలుగు మెట్లు. చూసేలోపు దిగిపోతున్నాం. ఒక్కో మెట్టుకీ ఒక్కో గేరు మార్చాను."

"ఆ బస్సుకున్నవి నాలుగు గేర్లేగా?" మేస్త్రీ వద్దు వద్దంటూనే దిగిపోయాడు.

"మిగతావి నోటితో వేశాను."

గైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ నవ్వితే పెద్దాయన ఏమనుకుంటాడోనని భయం. పెద్దాయన మాత్రం రోడ్డువైపు చూస్తూ కూర్చున్నాడు. చొక్కాజేబులో ఆయన ఈల. పదకొండు రోజులుగా దాన్ని ఊదలేదు. తన కాపలాలో ఉన్న రాయే పోయాక ఇంకెవర్ని అదిలిస్తాను అంటాడు.

"బావి అడుక్కి పోయామా, బుడుంగుమని మునిగాం. చేపలు కిటికీలు పట్టుకుని లోపలికి చూస్తున్నాయి, సీటు దొరుకుతుందా అని. లైట్లు వేశాను. ఎదురుగా ఏంటది? సొరంగం! గైడమ్మ రోజూ చెప్పదూ, ఈ బావి నుంచి కోటకి సొరంగం ఉందని జనం చెప్పుకుంటారు, చూసినవాళ్ళు మాత్రం లేరు అని? రేపట్నుంచి ఆ మాట మానెయ్యమ్మా. చూసినవాణ్ణి నేనున్నాను. రెండు బస్సులు ఎదురెదురుగా పోవచ్చు. మధ్యలో తెల్లగీత కూడా ఉంది."

"రాజులకాలంలో తెల్లగీతేంటి బాబాయ్, మా చెవిలో పువ్వులు పెడుతున్నావా?" అంది గైడమ్మ.

"గుర్రాలు గుద్దుకోకుండా! ఆ రాజులు మనలా కాదమ్మా, పద్ధతి గలవాళ్ళు. గుర్రపుశాల కూడా చూశాను. గడ్డి ఇంకా పచ్చగా ఉంది. ఒక గుర్రం నావంక చూసి, ఈ బండికి ఎన్ని కాళ్ళు అన్నట్టు మొహం పెట్టింది. అట్నుంచి గేరు మార్చి పైకి లంఘిస్తే ఎక్కడ తేలాం? నూరుస్తంభాల మంటపంలో! సరిగ్గా నడిమధ్యన. స్తంభానికీ స్తంభానికీ మధ్య బస్సుకి అటు ఒక బెత్తెడు, ఇటు ఒక బెత్తెడు. వంకర్లు తిప్పుకుంటూ పోతున్నాను, పోతూపోతూ లెక్కపెట్టాను కూడా. తొంభై తొమ్మిదే ఉన్నాయి. బోర్డు తప్పు రాశారనుకున్నాను."

"మరి నూరోది?" ఆ ప్రశ్న మేస్త్రీది. రాయి లెక్క తగ్గితే ఆయన ఊరుకోలేడు.

"బయటికొచ్చాక చూసుకుంటే మా బంపర్ మీద నిలబడి ఉంది. బస్సుతో పాటే వచ్చేసింది. వేరేవాడైతే ఏం చేసేవాడు? పోతేపోయిందిలే, ఇంకా తొంభై తొమ్మిది ఉన్నాయిగా అని గప్‌చుప్‌గా ఇంటికి పోయేవాడు. నేనలాంటివాణ్ణి కాదు మేస్త్రీ! పాతరాయి ముట్టుకున్నానంటే తిరిగి దాని చోట్లో పెట్టందే కాలు కదపను. అంతదూరం మళ్ళీ వెనక్కి పోయి, దాని గుంటలో దాన్ని నిలబెట్టి, నిటారుగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూసుకుని, దుమ్ము తుడిచి వచ్చాను."

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. "అందరూ నీలాంటివాళ్ళే అయితే బాగుండేది" అన్నాడు. ఎగతాళికి అనలేదు. కమాను మధ్యలో ఒక ఖాళీ, దాని కింద చెక్క ఆధారాలు, వాటిని తీయాలా వద్దా అని పదకొండు రోజులుగా నిద్రలేనివాడు అన్న మాట అది.

బాబాయ్‌కి ఆ తేడా తెలీలేదు. మెప్పు అనుకుని ఇంకాస్త పొంగాడు.

"ఇంకా అసలు సంగతి రాలేదు. మళ్ళీ సొరంగంలోకి దిగాను, మ్యూజియం వైపు దారి పడుతుందేమోనని. దారి చివర ఇనపతలుపు. తలుపు ముందు ఎవరున్నారో తెలుసా? కాపలావాడు! బల్లెం, తలపాగా, గడ్డం నేలదాకా. నాలుగొందల ఏళ్ళుగా నిలబడే ఉన్నాడు. ఎవరక్కడ అన్నాడు. టూరిస్టు బస్సు అన్నాను. ఆజ్ఞాపత్రం చూపించు అన్నాడు. లైసెన్సు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా అన్నాడు. మన పోలీసులు అడిగే మాటే అక్కడ కూడా! లోపలెవరు అన్నాడు. రాణీగారు అన్నాను, ఏదో ఒకటి చెప్పాలిగా. పాపం, ఆ గడ్డంతో సహా వంగి దణ్ణం పెట్టాడు. అప్పుడు లేచింది మన ముసలావిడ. లేచి, వచ్చేశామా నాయనా, బాత్రూం ఎటువైపు అంది."

ఈసారి గైడమ్మకి కొంగు ఆగలేదు. నేనూ నవ్వాను. మేస్త్రీ మీసం కూడా కదిలింది.

"నవ్వకండర్రా, తర్వాతది వినండి. నేనతన్ని అడిగాను, ఏమయ్యా, ఇంకా ఎవరికోసం కాపలా అని. రాజుగారు తిరిగొచ్చేదాకా కదలొద్దన్నారు, ఇంకా రాలేదు అన్నాడు. రాజు పోయి నాలుగొందల ఏళ్ళైంది అన్నాను. నాకెవరూ చెప్పలేదే అన్నాడు. అంత నమ్మకస్తుడు! మరి ఇన్నేళ్ళలో నీ కాపలాలో ఏమైనా పోయిందా అన్నాను. గడ్డం నిమురుకుని, ఛాతీ విరుచుకుని, చీమ తలకాయంత కూడా పోలేదు అన్నాడు."

"అదృష్టవంతుడు" అన్నాడు పెద్దాయన.

ఆయన మాట్లాడటం పొద్దుట్నుంచి అదే మొదలు. "నావి ఇరవై రెండేళ్ళే. ఒక్కసారి పోయింది, చాలు" అన్నాడు.

బాబాయ్ చెయ్యి గాల్లో ఆగింది. ఆయన మా మొహాలు ఒక్కొక్కటీ చూడటం అప్పుడే మొదలు. "ఏమైంది అన్నయ్యా?" అన్నాడు.

నేను చెప్పాను. రాయి పోవడం, పదకొండు రోజుల వెతుకులాట, నాలుగింటికి ఆఫీసరమ్మ, తాళాలగుత్తి. బాబాయ్ అడ్డం రాకుండా విన్నాడు. ఆయన అలా వినడం చూసి నాకు మొదట ముచ్చటేసింది.

"ఒక రాయి పోతే ఇంకోటి చెక్కొచ్చుగా మేస్త్రీ?" అన్నాడు చివర్లో, చిన్నగా.

"పూటలో చెక్కుతాను. కానీ పాతది ఉండగా కొత్తది పెట్టకూడదు. పాతది పోయిందంటే ఎలా పోయిందో రాయాలి. ఆ కాగితంలో రాయడానికి వాళ్ళకి పెద్దాయన తప్ప ఇంకెవరూ కనబడట్లేదు. పోనీ పెద్ద బండరాయా అంటే అదీ కాదు బాబాయ్. ఒక మనిషి కాస్త అవస్థపడి ఎత్తగలడు. ఒక పక్క జానెడు లావు, రెండో పక్క బెత్తెడు. కమాను వంపు తిరగాలంటే రాయి అలా ఏటవాలుగానే ఉండాలి. చేతికి అందేట్టు దారి పక్కనే ఉంది. ఏ దొంగ కన్ను పడిందో!"

"దొంగెందుకవుతాడు?" బాబాయ్ చప్పున అన్నాడు. "దొంగే అవ్వాలని ఏముంది? దేనికో తీసుంటాడు."

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నువ్వెందుకు బాబాయ్ ఉలిక్కిపడతావు?" అని గైడమ్మ నవ్వింది. ఊరికే అంది. ఆవిడ మనసులో ఏమీ లేదు.

పెద్దాయన నవ్వలేదు. బాబాయ్ మొహంకేసి చూస్తున్నాడు, ద్వారం దగ్గర బ్యాగులతో వచ్చేవాళ్ళని చూసినట్టు.

"తమ్ముడూ, ఆ ఆదివారం నువ్వు ముప్పావుగంటసేపు బస్సుని చేత్తో పట్టుకున్నానన్నావు."

"అన్నాను."

"నేను నిన్ను చూశాను. ప్రహరీగోడ నీడలో కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకుంటున్నావు. తొక్కలు కింద పడేస్తుంటే ఈల వేశాను. తిట్టుకుంటూ ఏరి జేబులో వేసుకున్నావు. గుర్తుందా?"

బాబాయ్ చెయ్యి జేబు మీదికి పోయింది.

"నిమ్మకాయ నిలవని చోటు అది. ఆ మాట నువ్వే అన్నావు. నీ రెండు చేతులూ వేరుసెనక్కాయల దగ్గరుంటే, బస్సుని పట్టుకున్నదెవరు?"

బాబాయ్ నోరు తెరిచాడు, మూశాడు. ఆయన దగ్గర జవాబు లేక కాదు. సొరంగంలోంచి గుర్రాన్ని పిలిచి బస్సుకి ఆనించగలడు, చేపల చేత చక్రం పట్టించగలడు. ఒక్క అబద్ధం చాలు, కథ నిలబడుతుంది. కానీ ఆయన కళ్ళు పెద్దాయన ముందున్న టీగ్లాసు మీద, అందులో కట్టిన మీగడ మీద ఆగాయి.

"రాయి" అన్నాడు.

"ఏ రాయి?"

"రోజూ చెక్కముక్క పెడతాను అన్నయ్యా, చక్రం కింద. ఆ రోజు అది రెండు ముక్కలైంది. చుట్టూ చూస్తే దారి పక్కన ఇది కనబడింది. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. చక్రానికని కొలతపెట్టి చెక్కినట్టుంది. మళ్ళీ ఇలాంటిది దొరకదనిపించి, వెళ్ళేటప్పుడు బస్సులోనే వేసుకున్నాను. ఏదో అంకె ఉంది. పాత మైలురాయి ముక్కేమో అనుకున్నాను. ఒట్టు!"

"మైలురాయా!" మేస్త్రీ లేచి నిలబడ్డాడు. "ఎక్కడుందది ఇప్పుడు?"

బాబాయ్ వేలు పెట్టి చూపించాడు. ఎక్కడికో కాదు. బెంచీకి పది అడుగుల దూరంలో, కొత్త రంగు బస్సు వెనక చక్రం కింద. బాబాయ్ వచ్చినప్పట్నుంచీ పెద్దాయన చూస్తూ కూర్చున్నది సరిగ్గా అటే.

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే" అంటూ గైడమ్మ పరిగెత్తింది. ఆవిడ వెనక మేము. మేస్త్రీ మోకాళ్ళమీద కూర్చుని చెయ్యి పెట్టి మట్టి తుడిచాడు. ముందు తెల్లగా ఒక మూడు కనబడింది. ఇంకాస్త తుడిస్తే దాని పక్కన నాలుగు.

పెద్దాయన రోడ్డుమీదే కూలబడ్డాడు. "ఉంది" అన్నాడు. "ఉందిరా, ఉంది." రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చాడు, ఏడుస్తూ నవ్వాడు. గైడమ్మ ఆయన వీపు నిమురుతూ తనూ కళ్ళు తుడుచుకుంది. నాకు గుండెమీంచి ఎవరో బండ దించినట్టైంది. మేస్త్రీ ఆనందం పట్టలేక ఆ రాయిని రెండు చేతుల్తో ఊడలాగి, బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

ఎవరికీ తట్టలేదు. బస్సు యజమాని కొత్త రంగు వేయించాడు గానీ హ్యాండ్‌బ్రేకు జోలికి పోలేదు. బస్సు ఒకసారి మూలిగి, మెల్లగా వెనక్కి కదిలింది.

"ఓరి నాయనో! పట్టుకోండర్రా! పోయింది, పోయింది!" బాబాయ్ రెండు చేతులూ, ఛాతీ, తలకాయ అన్నీ బస్సుకి ఆనించి అరుస్తున్నాడు. చెప్పులు రెండూ ఊడిపోయాయి. బస్సు ఆయన్ని కూడా కలుపుకుని నా నీళ్ళ డ్రమ్మువైపు వస్తోంది.

మేస్త్రీ రాయి ఎత్తుకుని పక్కకి తప్పుకున్నాడు. "ఎడమచెయ్యి చాలు బాబాయ్! కుడిచెయ్యి ఖాళీగా ఉంచుకో, నేను నమస్కారం పెడతాను!"

"ఎక్కి బ్రేకు తొక్కు బాబాయ్!" అని గైడమ్మ కేకేసింది.

ఆ మాటతో ఆయనకి తను డ్రైవరన్న సంగతి గుర్తొచ్చింది. పడుతూ లేస్తూ పోయి, తలుపులోంచే ఎక్కి, బ్రేకు తొక్కాడు. డ్రమ్ము దొర్లింది, నీళ్ళు పోయాయి, బస్సు ఆగింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "అదే చెయ్యబోతున్నా" అన్నాడు, వగరుస్తూ.

మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అంటారు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. కానీ పెద్దాయన లేచొచ్చి, చల్లారి మీగడ కట్టిన టీ ఒక్క గుక్కలో తాగి, "ఇంకోటి పెట్టు తమ్ముడూ, వేడిగా" అనేసరికి మర్చిపోయాను.

ఆ రెండో టీ కూడా అయ్యాక, కొట్టు మూసి అందరం ఆ బస్సులోనే కొండెక్కాం. పెద్దాయన ముందు సీట్లో, ఒళ్ళో రాయి. మలుపు వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతుల్తో అదుముకున్నాడు. బాబాయ్ బస్సుని కింద చదును చోట ఆపి, మిగతా దారి నడిపించాడు మమ్మల్ని. మేస్త్రీ, ఆయన మనుషులూ రాయిని దాని ఖాళీలో దించి, చెక్కసుత్తితో తట్టి, సందుల్లో సున్నం పెట్టేసరికి నాలుగు కావచ్చింది. ఆధారాలు సున్నం ఆరాకే తీయాలి. అయినా కమాను వంపు కళ్ళకి నిండుగా కనబడింది. పెద్దాయన దాని కిందికి పోయి తలెత్తి చాలాసేపు నిలబడ్డాడు.

ఆఫీసరమ్మ వచ్చి చూసింది. ఒక్కొక్క అంకే చదువుకుంటూ నలభై మూడు దగ్గర ఆగింది. "ఎక్కడ దొరికింది?" అంది.

మేమెవరం నోరు విప్పేలోపు బాబాయ్ ముందుకొచ్చాడు. "నేనే తీశానమ్మా, చక్రం కింద పెట్టుకోవడానికి. పెద్దాయన తప్పు ఏమీ లేదు." అంతే. కథ లేదు, తోక లేదు.

ఆఫీసరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరు బస్సు తోలే ఆయన కదూ? మీ మాటలు మా ఆఫీసుదాకా వచ్చాయి. పాపం, పెద్దాయన్ని కాపాడాలని ఇంకో కోత కోస్తున్నారు" అంది.

జన్మానికి ఒక్కసారి నిజం చెబితే అదీ నమ్మలేదు. బాబాయ్ మొహం చూడాలి అప్పుడు! "అమ్మా, ఇది నిజమమ్మా! మిగతావన్నీ అబద్ధాలే, సొరంగం అబద్ధం, గుర్రం అబద్ధం, ఇదొక్కటే నిజం!" అని ఏడుపు గొంతుతో మొరపెట్టుకున్నాడు. ఏ గుర్రమో ఆవిడకి అర్థం కాలేదు. చివరికి మేస్త్రీ ఆవిణ్ణి కమాను కిందికి తీసుకుపోయి, ఆధారాల సందులోంచి రాయి అడుగు చూపించాడు. నల్లగా, అడ్డంగా, టైరు అచ్చు. ఎంత రుద్దినా పోలేదది.

ఆవిడ పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "తాళాలు మీ దగ్గరే ఉంచండి" అంది.

పెద్దాయన చొక్కాజేబులోంచి ఈల తీసి, పదకొండు రోజుల బాకీ తీరేట్టు ఊదాడు. ప్రహరీగోడ ఎక్కబోతున్న ఇద్దరు టూరిస్టులు ఠక్కున దిగారు.

నాలుగు రోజులకి అందరం మళ్ళీ నా కొట్టులో కూర్చున్నాం. మేస్త్రీ బాబాయ్ కోసం గట్టి కర్రతో ఒక అడ్డుచెక్క చేయించి తెచ్చాడు. దాని మీద తెల్లరంగుతో, ఇది బస్సుది, అని రాయించాడు. బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"మొన్న కమాను కట్టేటప్పుడు మీరెవరూ గమనించలేదు గానీ, నలభై నాలుగో రాయి జారబోయింది తెలుసా? మేస్త్రీ అటు తిరిగున్నాడు. నేను చెయ్యి పైకెత్తి..."

పెద్దాయన పొట్లం విప్పి, గుప్పెడు వేరుసెనక్కాయలు ఆయన ముందు పోశాడు.

బాబాయ్ ఆ కాయలకేసి చూశాడు. మాకేసి చూశాడు. పైకెత్తిన చెయ్యి దించి, తనే ముందు నవ్వాడు. ఆ తర్వాత రెండు చేతుల్తో కాయలు ఒలుచుకుని, తొక్కలు జేబులో వేసుకున్నాడు.